పూరకం అంటే దేనికి పూరకం? లెక్కల నుంచి పప్పన్నం దాకా ఒక్క మాట చాలుతుందా?

లెక్కల_బల్ల (గవర్నర్‌పేట, విజయవాడ)

ఇంటర్ పిల్లల కోసం తయారవుతున్న తెలుగు పారిభాషిక పదాల పట్టిక ‘కాంప్లిమెంట్’ దగ్గర ఆగిపోయింది. రెండు కోణాలు కలిసి 90 డిగ్రీలైతే పూరక కోణాలు, 180 అయితే సంపూరక కోణాలు అని బడి పుస్తకాల్లో ఎప్పుడో స్థిరపడింది. సమితుల్లో పూరక సమితి. ఎకనామిక్స్‌లో పూరక వస్తువులు. డీఎన్‌ఏ పోగుల దగ్గరికొస్తే ఒకరు సంపూరకం అని రాస్తారు, ఇంకొకరు పరిపూరకం అంటారు. పొద్దున లెక్కల క్లాసులో సంపూరకం అంటే 180 అని నేర్చుకున్న పిల్ల మధ్యాహ్నం బోటనీలో అదే మాట చూసి తికమక పడుతుంది.

నా ప్రతిపాదన ఇది. అన్నిటికీ ‘పూరకం’ ఒక్కటే ఉంచుదాం. పక్కన ‘దేనికి’ అన్నది తప్పనిసరిగా రాద్దాం. సరిసంఖ్యల పూరక సమితి ఏది అని అడిగితే విశ్వసమితి (లెక్కలోకి తీసుకున్న మొత్తం) చెప్పకుండా జవాబు లేదు. 1 నుంచి 10 వరకు తీసుకుంటే 1, 3, 5, 7, 9. పూర్ణాంకాలన్నీ తీసుకుంటే బేసి సంఖ్యలన్నీ. వాస్తవ సంఖ్యలైతే అర, పావు, రూట్ రెండు, పై కూడా పూరకంలోకే వచ్చి పడతాయి.

మన సిద్ధాంత జ్యోతిషంలో దీనికి చక్కటి మాట ఉంది. చాపానికి భుజ అని పేరు, 90కి మిగిలినది కోటి. జ్య అంటే సైన్. భుజకు జ్య, కోటికి కోటిజ్య. కొసైన్‌లో ‘కొ’ కూడా అదే, పూరక కోణపు సైన్ అని. అందుకే సైన్ 35, కొసైన్ 55 ఒకటే విలువ.

నిఖిలం (బెంజ్ సర్కిల్)

మాస్టారూ, ‘దేనికి’ అనే నియమం కంప్యూటర్ లెక్కల్లో తప్పిందంటే జవాబే తప్పిపోతుంది.

532 లోంచి 278 తీసేయాలి. 278లో ప్రతి అంకెనూ 9 లోంచి తీస్తే 721. 532కి 721 కలిపితే 1253. ముందు మిగిలిన 1ని తెచ్చి చివర కలిపితే 254. అప్పు తెచ్చుకునే పనే లేదు. పాస్కల్ 1642లో మొదలుపెట్టిన లెక్కల యంత్రంలో చక్రాలు వెనక్కి తిరగవు, తీసివేతకు ఆయన ఈ తొమ్మిదుల పూరకమే వాడాడు. ‘నిఖిలం నవతః చరమం దశతః’ అన్న వేదగణిత సూత్రమూ ఇదే, చివరి అంకెను మాత్రం 10 లోంచి తీయాలి.

పిల్లలు తప్పేది ఒక్కచోటే. 532 లోంచి 78 తీయమంటే 78కి పూరకం 21 అని రాస్తారు. మూడు అంకెల లెక్కలో అది 078, పూరకం 921. కలిపితే 1453, ముందు 1ని చివరికి తెస్తే 454. ముందు సున్నా మరిస్తే అంతా పోతుంది.

ఇక బైనరీ. ఎనిమిది బిట్లలో 5 అంటే 00000101. అన్నీ తిప్పేస్తే 11111010, ఒకటి కలిపితే 11111011. అది మైనస్ 5. మామూలుగా చదివితే 251, దానికి 5 కలిస్తే 256. ఇక్కడ ‘దేనికి’ అంటే 256కి. దీన్నే పదహారు బిట్లకు పెంచేటప్పుడు ముందు ఎనిమిది సున్నాలు పెడితే మైనస్ 5 కాస్తా 251 అయి కూర్చుంటుంది. ముందు ఎనిమిదీ ఒకట్లే పెట్టాలి.

బీసెంట్ రోడ్డు షాపుల్లో 278 బిల్లుకు 500 నోటిస్తే తీసివేత ఎవరూ చేయరు. 2 ఇచ్చి 280, 20 ఇచ్చి 300, 200 ఇచ్చి 500 అంటారు. అది పూరకమే.

యార్డు_లెక్క (గుంటూరు)

మీ నియమం మా సబ్జెక్టులో నిలబడదండి. పూరక వస్తువులకు ‘మొత్తం’ అంటూ ఏదీ లేదు. స్కూటరు, పెట్రోలు కలిపి దేనికి నిండాయని రాస్తారు?

మా పరీక్ష వేరు, జాత్యంతర డిమాండ్ వ్యాకోచత్వం. ఒకదాని ధర మారితే రెండోదాని డిమాండ్ ఎటు కదిలిందని చూస్తాం. పెట్రోలు ధర 10 శాతం పెరిగి స్కూటర్ల డిమాండ్ 4 శాతం తగ్గిందనుకుందాం. మైనస్ 4ని 10తో భాగిస్తే మైనస్ 0.4. గుర్తు రుణమైతే పూరకాలు, ధనమైతే ప్రత్యామ్నాయాలు, సున్నాకు దగ్గరైతే సంబంధం లేనట్టు.

రెండూ కలిసి పెరిగితే పూరకాలే అనుకోవడం పెద్ద పొరపాటు. సంక్రాంతికి కొత్త బట్టలూ బెల్లమూ రెండూ ఎక్కువ అమ్ముడుపోతాయి. దానికి కారణం పండగ. బట్టల ధర పెరిగిందని బెల్లం కొనడం ఎవరూ మానరు. బియ్యప్పిండి, బెల్లం అలా కాదు. కిలో బియ్యానికి ముప్పాతిక కిలో బెల్లం చొప్పున అరిసెలు చేసేవాళ్ళ దగ్గర బెల్లం రెండు కిలోలున్నా పిండి కిలోదే అయితే అరిసెల సంఖ్య పెరగదు. ఉదాసీనత రేఖ (సమాన తృప్తినిచ్చే కలయికలను కలిపే గీత) లంబకోణంలో విరిగేది ఇలాంటి జోడీకే.

మన మిర్చి యార్డు చూడండి. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కువ వచ్చిన ఏడాది కోల్డ్ స్టోరేజీకి గిరాకీ పెరుగుతుంది. పంటకు స్టోరేజీ పూరకం. రైతు వైపు నుంచి చూస్తే ఈ రోజు అమ్మేయడం, ఏసీలో పెట్టడం ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు. స్టోరేజీ ఒకటే, పక్కన ఏది పెట్టి చూస్తే దాన్నిబట్టి పేరు మారుతోంది.

లెక్కల_బల్ల

అరిసెల ఉదాహరణలో మొత్తం ఉందిగా! అరిసే మొత్తం. పెట్రోలు, స్కూటరు దగ్గర ‘ప్రయాణం’ మొత్తం. మీరు పైకి అనడం లేదు, అంతే.

పడుగు_పేక (మంగళగిరి)

రంగుల్లో ‘దేనికి’ అని అడగకపోతే చీరే పాడవుతుంది. ఎరుపుకు పూరక వర్ణం ఏదంటే చిత్రకారుడి చక్రంలో ఆకుపచ్చ. కాంతితో పని చేసే తెర మీద నీలం, ఆకుపచ్చ కలిసిన సయాన్. కాంతిలో మొత్తం అంటే తెలుపు, రంగు ముద్దల్లో మొత్తం అంటే మసక బూడిద. పరీక్ష సులువే. నాలుగు అంగుళాల ఎర్ర కాగితాన్ని మంచి వెలుతురులో 30 సెకన్లు కదలకుండా చూసి, చూపు తెల్లగోడ మీదికి తిప్పండి. కనిపించేది చిలకపచ్చ కాదు, సయాన్.

నేతలో ఇది రెండు రకాలుగా పనిచేస్తుంది. 80 కౌంటు సన్న నూలులో ఎర్ర పడుగు, పచ్చ పేక పెడితే రెండు మూడు మీటర్ల దూరం నుంచి కన్ను రెండిటినీ కలిపేస్తుంది. చీర మట్టిరంగులో కనిపిస్తుంది. దగ్గరికి తెచ్చి ఎండలో మడత కదిపితేనే రెండు రంగులూ తెలుస్తాయి. అవే రంగులు వెడల్పాటి అంచుగా, ఒంటిగా పక్కపక్కన పెట్టండి. ఎరుపు ఇంకా ఎర్రగా, పచ్చ ఇంకా పచ్చగా కొడుతుంది. మరీ కొట్టకుండా మధ్యలో సన్నని జరీ గీత తీస్తారు. పారిస్‌లో గోబెలిన్స్ నేతశాలలో నల్లరంగు వెలవెలబోతోందని ఫిర్యాదొస్తే అద్దకం చూసే షెవ్రూల్ పరీక్షించాడు. రంగులో లోపం లేదు, పక్కనున్న రంగు చేస్తున్న పని అది. ఆయన ఆ సూత్రాన్ని పుస్తకంగా వేసింది 1839లో.

అద్దకంలో ఎరుపు మరీ మండిపోతుంటే చిటికెడు ఆకుపచ్చ వేసి అణుస్తారు. ముందు చిన్న గిన్నెలో ఒక చిలప మీద చూడాలి. ఎక్కువైతే ఎరుపు చచ్చిపోతుంది, మళ్ళీ ఎరుపు వేసినా మునుపటి కళ రాదు.

ఇంట్లో అందరికీ తెలిసింది పంచెలకు పెట్టే నీలి. పసుపుబారిన తెల్లబట్టకు పసుపు పూరకమైన నీలం లేశమంత పట్టిస్తే కంటికి తెల్లగా తోస్తుంది. నిజానికి బట్ట ఒక పిసరు మసకబారుతుంది, కానీ పసుపు పోవడంతో కన్ను తెలుపనే అనుకుంటుంది. అరబకెట్ నీళ్ళకు నాలుగు చుక్కలు వేసి, చేత్తో బాగా తిప్పాకే బట్ట ముంచాలి. బట్ట ముందే నీళ్ళలో ఉంటే చుక్క పడ్డచోట మరక అంటుకుంటుంది. సబ్బు పూర్తిగా పోకముందు నీలి పెట్టినా చారలు దిగుతాయి.

పప్పు_బియ్యం (పటమట)

పోషకాహారంలో ‘మొత్తం’ శరీరపు అవసరం. పెద్దవాళ్ళకు ఒక గ్రాము ప్రొటీన్‌లో 45 మిల్లీగ్రాముల లైసిన్ (ప్రొటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 కొలత. బియ్యపు ప్రొటీన్‌లో సుమారు 36, పెసరపప్పులో సుమారు 70 ఉంటుంది. 75 గ్రాముల బియ్యంలో దాదాపు 5 గ్రాముల ప్రొటీన్, అంటే 180 మిల్లీగ్రాముల లైసిన్. 25 గ్రాముల పెసరపప్పులో దాదాపు 6 గ్రాముల ప్రొటీన్, 420 మిల్లీగ్రాములు. రెండూ కలిపి 11 గ్రాముల ప్రొటీన్‌కు 600. గ్రాముకు 54 పైన వచ్చింది, లోటు తీరింది. పప్పులో తక్కువైన మెథియొనిన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని బియ్యం సర్దుతుంది. మూడుపాళ్ళు బియ్యం, ఒకపాలు పప్పు అన్నది పచ్చి బరువు లెక్క. వండాక గరిటెలతో కొలిచి, ఆ గరిటెడు పలుచని పప్పుచారులో పప్పు ఎంతుందో చూడకపోవడమే చాలా ఇళ్ళలో జరిగే తప్పు.

పెసరట్టు ఉప్మా జోడీ కూడా ఈ లెక్కే. గోధుమరవ్వలో లైసిన్ బియ్యంలో కంటే తక్కువ, పెసల్లో పుష్కలం. రెండూ ఒకే ముద్దలో ఉండాలనేమీ లేదు, ఆ రోజు తిండిలో ఉంటే శరీరం సర్దుకుంటుంది.

పట్టికలో ఇంకోటి మరిచిపోవద్దు. ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతో పాటు మొదలుపెట్టేదాన్నీ ఇంగ్లీషులో ఇదే మాటతో పిలుస్తారు. తెలుగులో అనుబంధ ఆహారం అని వాడుక, దాన్ని కదపకండి. పూరక ఆహారం అని రాస్తే పాలు మాన్పించి పెట్టేది అనుకునే ప్రమాదం ఉంది. పాలు రెండేళ్ళు, ఆ పైన కూడా సాగాలి.

ఎన్‌పీఎన్ (ఏలూరు రోడ్డు)

యాంప్లిఫయర్లలో పూరక జోడీ అంటే ఒక ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్, దానికి ఎదురు రకమైన ఒక పీఎన్‌పీ ట్రాన్సిస్టర్. బీడీ139కి బీడీ140, టిప్31సీకి టిప్32సీ, 2ఎన్3055కి ఎంజే2955. తరంగం పై సగం ఒకటి మోస్తుంది, కింది సగం రెండోది. మొత్తం అంటే పూర్తి తరంగం.

చిక్కంతా రెండు సగాలు అతికే చోట. ఒక్కో ట్రాన్సిస్టర్ తెరుచుకోవడానికి 0.6 వోల్టులు కావాలి. కాబట్టి మైనస్ 0.6 నుంచి ప్లస్ 0.6 మధ్య రెండూ మూసుకునే ఉంటాయి. చిన్న సౌండ్‌లో గొంతు గరగరమనేది అందుకే, పెద్ద సౌండ్‌లో అంతగా తెలియదు. బేసుల మధ్య రెండు డయోడ్లు పెట్టి ఆ వోల్టేజీ ముందే ఇస్తారు. డయోడ్లు హీట్ సింక్‌కు ఆనుకుని ఉండాలి. డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున ట్రాన్సిస్టర్ వోల్టేజీ పడిపోతుంటే డయోడ్‌దీ కలిసి పడాలి. బయట గాలిలో వేలాడదీస్తే వేడి, కరెంటు ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయి జోడీ కాలిపోతుంది.

ఒకటి కాలితే రెండూ మార్చండి. ప్రీసెట్‌ను (ఈ కరెంటును సర్దే రెసిస్టర్) కనిష్ఠానికి తిప్పి, సీరీస్ బల్బు పెట్టి ఆన్ చేయండి. వాల్యూమ్ సున్నా. ఎమిటర్ రెసిస్టర్ 0.22 ఓములైతే దాని మీద 4.4 మిల్లీవోల్టులు వస్తే 20 మిల్లీఆంపులు పారుతున్నట్టు. పావుగంట వేడెక్కాక మళ్ళీ కొలవాలి.

సీరం (గుంటూరు)

రక్తంలో కాంప్లిమెంట్ అనేది ఒక ప్రొటీన్ల గుంపు. సీరంను 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట ఉంచితే దానికి సూక్ష్మజీవుల్ని పగలగొట్టే శక్తి పోతుంది. యాంటీబాడీలు మాత్రం చెక్కుచెదరవు. చిటికెడు తాజా సీరం కలిపితే ఆ శక్తి తిరిగొస్తుంది. శాస్త్రవేత్త బోర్డే తేల్చింది ఇదే, 1919లో నోబెల్ వచ్చింది. యాంటీబాడీ పనిని పూర్తిచేసేది కాబట్టి ఎర్లిక్ ఆ పేరు పెట్టాడు.

ఈ ప్రొటీన్ల పేర్లలో అంకెలు చూసి వరస అనుకోవద్దు. సీ1 తర్వాత కదిలేది సీ4, ఆపైన సీ2, అప్పుడు సీ3. అంకెలు కనిపెట్టిన క్రమంలో పెట్టినవి. రిపోర్టులో సీ3 తగ్గి సీ4 మామూలుగా ఉంటే ఒక దారి, రెండూ తగ్గితే ఇంకో దారి. గొంతునొప్పి తర్వాత పిల్లలకొచ్చే కిడ్నీ వాపులో సీ3 పడిపోయి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మామూలుకు వస్తుంది. లూపస్ (శరీర రక్షణ వ్యవస్థ సొంత శరీరం మీదే తిరగబడే జబ్బు) ముదిరినప్పుడు రెండూ పడిపోవడం ఎక్కువ. పనితీరు కొలిచే సీహెచ్50 పరీక్షకు సీరం బయట వేడిలో ఉండిపోతే విలువ దొంగగా తగ్గుతుంది. వెంటనే వేరుచేసి ఫ్రీజర్‌లో పెట్టాలి.

ఇక్కడ తెలుగు మాట పెట్టొద్దని నా విన్నపం. డాక్టర్లూ ల్యాబులూ రోజూ అనేది కాంప్లిమెంటే.

నిఖిలం

ఇన్ని చదివాక ఒక పరీక్ష తోచింది. పూరకానికి మళ్ళీ పూరకం తీయండి. మొదటిది తిరిగొచ్చిందా? 35కి 55, 55కి 35. సమితికీ అంతే. మైనస్ 5ని తిప్పి ఒకటి కలిపితే 5. రంగుకు ఒకే చక్రంలో ఉంటే వస్తుంది. బియ్యానికి పెసర పూరకం, పెసరకు పూరకం గోధుమ కూడా కావచ్చు. అక్కడ తిరిగి రాలేదు. కాంప్లిమెంట్ ప్రొటీన్‌కు ఈ ప్రశ్నే పొసగదు.

తిరిగొచ్చే వాటిలో తనకు తానే పూరకమైనవి ఉన్నాయేమో చూడండి. కోణాల్లో 45. ఎనిమిది బిట్లలో మైనస్ 128: 10000000 తిప్పితే 01111111, ఒకటి కలిపితే మళ్ళీ 10000000. ప్లస్ 128కి చోటు లేదు. ప్రోగ్రాంలో సంఖ్య గుర్తు మార్చేటప్పుడు దెబ్బ తగిలేది అక్కడే.

కణం (గుంటూరు)

డీఎన్‌ఏలోనూ ఉందండి! నాలుగు బేసుల్లో ఏకి టీ, జీకి సీ జత. మొదటి జతకు రెండు హైడ్రోజన్ బంధాలు, రెండో జతకు మూడు. పోగులు ఎదురెదురు దిశల్లో నడుస్తాయి. ఒక పోగులో 5 ప్రైమ్ అనే కొన నుంచి ‘ఏ టీ జీ సీ సీ’ ఉంటే ఎదుటి పోగును అదే పద్ధతిలో 5 ప్రైమ్ నుంచి చదివితే ‘జీ జీ సీ ఏ టీ’. పిల్లలు ‘టీ ఏ సీ జీ జీ’ అని రాసి, దిశ గుర్తు పెట్టడం మానేస్తారు. ప్రైమర్ (డీఎన్‌ఏకు అతికించే చిన్న ముక్క) అలా ఆర్డర్ ఇస్తే అది అతుక్కోదు. ఇక ‘జీ ఏ ఏ టీ టీ సీ’కి ఎదుటి పోగును 5 ప్రైమ్ నుంచి చదివినా అదే. ఈకోఆర్‌వన్ ఎంజైము కోసే చోటు అది. మీ 45 డిగ్రీల లాంటిదే.

ఏ 30 శాతం ఉంటే టీ కూడా 30, మిగిలిన 40లో జీ 20, సీ 20. ఇది రెండు పోగుల డీఎన్‌ఏకే. ఒంటి పోగు వైరస్ ఇచ్చి ఈ లెక్క అడిగితే జవాబు రాయకూడదు.

యార్డు_లెక్క

నిఖిలం గారి పరీక్షతో నా అభ్యంతరానికి బలం వచ్చింది. మా దగ్గర పూరకత్వం రెండు వైపులా ఒకేలా ఉండాలని కూడా లేదు. ఒకదాని ధర పెరిగితే మనిషి చేతిలో మిగిలే డబ్బు కూడా మారుతుంది. ఆ ఆదాయ ప్రభావం వల్ల రెండోది మొదటిదానికి పూరకంగా తేలి, తిరగేస్తే తేలకపోవచ్చు. ఆదాయ ప్రభావాన్ని తీసేసి చూస్తే మాత్రం రెండు వైపులా గుర్తు కలుస్తుంది. పట్టికలో ‘పూరక వస్తువులు’ పక్కన మొత్తం రాయకండి. ‘కలిపి వాడేవి’ అని రాయండి చాలు.

అరసున్న (తెనాలి దారి, గుంటూరు)

భాష సంగతి ఎవరూ ఎత్తలేదు. ధ్వనుల్లో పూరక వినియోగం అంటే ఒకటి వచ్చేచోట రెండోది రాదు, రెండూ కలిసి అన్ని చోట్లనూ నింపేస్తాయి. చక్కటి ఉదాహరణ మన ‘చ’. అచ్చతెలుగు మాటలు రెండు వరసల్లో రాయండి. చిలక, చీమ, చెట్టు, చేప ఒక వరస. ౘలి, ౘాప, ౘుక్క, ౘూపు, ౘోటు రెండో వరస. ఇ, ఈ, ఎ, ఏల ముందు తాలవ్యం, మిగతా అచ్చుల ముందు దంత్యం. ఒకే ధాతువులో కూడా మారుతుంది: పిలుౘు, పిలిచి. ఇక్కడ ‘మొత్తం’ అచ్చుల జాబితా. లెక్కల మాస్టారి నియమం అచ్చంగా పనిచేస్తుంది.

సంస్కృతం మాటలు రాగానే ఆ కట్టు తెగింది. అన్నంలో పోసుకునేది ౘారు, అందం అనే అర్థమున్నది చారు. అచ్చు ఒకటే, ధ్వని వేరు, అర్థం వేరు. ‘వచ్చాడు’లో ‘చ్చా’ తాలవ్యమే పలుకుతాం, ‘వచ్చినాడు’ కుదించుకుపోయిన రూపం కాబట్టి.

ఇక వాక్యంలో పూరకం. ఇంగ్లీషులో ‘ఈజ్’ తర్వాత వచ్చే భాగాన్ని అలా అంటారు. తెలుగులో ఆ క్రియే లేదు. ‘ఆయన డాక్టరు’ అంటే వాక్యం అయిపోయింది. పైగా మన నామం పురుషను బట్టి మారుతుంది: నేను మంచివాణ్ణి, నువ్వు మంచివాడివి, మేము మంచివాళ్ళం. ‘నేను మంచివాడు’ అని రాస్తే తప్పు. దీన్ని పూరకం అనకండి, విధేయం అనే పాత మాట ఉంది.

లెక్కల_బల్ల

యార్డు_లెక్క గారి మాట ఒప్పుకుంటున్నాను. స్కూటరు, పెట్రోలుకు ‘ప్రయాణం’ అని నేను అంటించింది అతికినట్టు లేదు. పట్టిక ఇలా మారుస్తున్నా. తిరగేస్తే మొదటిది వచ్చేవాటికి పూరకం, పక్కన ‘దేనికి’ గడి: 90 డిగ్రీలు, విశ్వసమితి, అంకెల సంఖ్య, వర్ణచక్రం, ఎదుటి పోగు దిశ. ట్రాన్సిస్టర్ జోడీ కూడా ఇందులోకే. పూరక వస్తువులు, పూరక ప్రొటీన్లకు ఆ గడి బదులు ‘దేనితో’ గడి. సంపూరకం 180 డిగ్రీలకు మాత్రమే, డీఎన్‌ఏ దగ్గర ఆ మాట తీసేస్తాం. రక్తంలోది కాంప్లిమెంట్‌గానే. బిడ్డలది అనుబంధ ఆహారం. వాక్యంలోది విధేయం.

సీరం

ఒక్క సవరణ. హోటల్లో ఉచితంగా ఇచ్చేదీ, ఒకరిని మెచ్చుకోవడమూ తెలుగులో రాస్తే ఇదే కాంప్లిమెంట్ అవుతుంది. మా గడిలో ‘కాంప్లిమెంట్ ప్రొటీన్లు’ అని పూర్తిగా రాయండి.

అరసున్న

అచ్చుకు పంపేముందు ౘ అక్షరం మీ ఫాంటులో ఉందో లేదో చూడండి. కొన్నిటిలో ఖాళీ డబ్బా పడుతుంది. లేకపోతే పాత నిఘంటువుల్లో లాగా చ మీద చిన్న ౨ పెట్టించండి, రెండు ‘చారు’లూ ఒకేలా పడితే ఆ ఉదాహరణ పెట్టి లాభం లేదు.